మజ్జిగ ముద్ద

మా అబ్బాయి చదువుకని టర్కీ వెడుతుంటే మా అమ్మ అడిగింది ఒక్కటే: "అక్కడ మజ్జిగన్నం దొరుకుతుందిట్రా?" తెలుగు ఎమ్మేగాణ్ణి, నాకేం తెలుసు! గంపలగూడెం ఎండల్లో మజ్జిగ ముద్ద పడందే మా యింట ఎవరూ చెయ్యి కడగరు.

నెల తిరక్కుండా వాడు ఫోను చేశాడు. అక్కడ ముఖ్యాహారం రొట్టె. బియ్యం వెన్నతో ‘పిలావ్’ వండుతారు. పొద్దుటి ఫలహారం రొట్టె, చీజు, ఆలివు కాయలు, పాలు లేని టీ. (పాలు లేనిది ఏం టీయో!) అయితే ‘యోగర్ట్’ అన్న మాట లోకానికిచ్చింది వాళ్లేనట! పెరుగులో నీళ్లూ ఉప్పూ కలిపి చిలికి, ‘ఐరాన్’ అంటూ భోజనం మధ్యలోనే తాగుతారట.

అమ్మ ఫోను అందుకుంది. "తాగడమేమిట్రా? అన్నంలో కలుపుకోరూ?"

"నేను కలుపుకుంటున్నాలే, నాయనమ్మా!"

వాడు వెళ్లింది మొదలు అరముద్దతో లేస్తున్న అమ్మ ఆ రాత్రి మారు మజ్జిగ పోయించుకొన్నది.