కంట్లో నలుసు, టేబుల్లో నల్

డేటాబేసులతో కుస్తీ పట్టేవాళ్ళని "నిన్ను బాగా ఏడిపించిందేది?" అని అడిగి చూడండి. ఒకడు ఇండెక్సు లేని టేబుల్ అంటాడు. ఇంకొకడు డెడ్‌లాక్ అంటాడు. వేర్ రాయకుండా అప్‌డేట్ కొట్టి ఎంటర్ నొక్కినవాడైతే ఏమీ చెప్పడు, ఓ నవ్వు నవ్వి ఊరుకుంటాడు (ఆ ఘనకార్యం నేనూ చేశాను, ఆ కథ ఇంకోసారి). వీటన్నింటిలో ఒక మంచి గుణం ఉంది. ఎంతో సేపు దాక్కోవు. స్క్రీను వేలాడుతుంది, ఎర్రర్ వస్తుంది, గంటలోపు ఎవరో ఒకరు ఫోన్ చేసి తిడతారు. నన్ను ఏడిపించింది మాత్రం నోరు విప్పలేదు. మూడు నెలలు కిక్కురుమనకుండా కూర్చుంది. అదే నల్.

2011 సంగతి. అప్పట్లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ఉండేవాణ్ణి. ఒక ఇంజనీరింగ్ కాలేజీకి ఫీజుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేరు రాశాం. ముందు డాట్‌నెట్, వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్. ఆ కాలేజీలో చాలామంది పిల్లలు ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివేవాళ్ళే. ప్రభుత్వం నుంచి డబ్బు విడతలు విడతలుగా వచ్చేది, అందరికీ ఒకేసారి వచ్చేది కాదు. అందుకని ఆఫీసు సూపరింటెండెంట్ గారు నెలకోసారి ఒక రిపోర్టు తీసేవారు: ఈ విడతలో డబ్బు రాని విద్యార్థుల జాబితా. ఆ కాగితం పట్టుకుని ఒక గుమాస్తా సంక్షేమ శాఖ ఆఫీసుకి వెళ్ళి, ఎవరి దరఖాస్తు ఎందుకు ఆగిందో కనుక్కుని వచ్చేవాడు. పేరులో ఒక అక్షరం తేడానో, ఏదో సర్టిఫికెట్టు జత చేయకపోవడమో, అంతే ఉండేది చాలాసార్లు.

ఆ రిపోర్టు రాసింది నేనే. పెద్ద క్వెరీ కూడా కాదు. విద్యార్థుల టేబుల్లో ఉన్న నంబర్లలో, జమల టేబుల్లో లేనివి ఏవో చూపించు. నాట్ ఇన్ పెట్టి రెండు లైన్లలో తేల్చేశాను. నా మెషీన్లో పది మంది విద్యార్థులున్న డేటాబేసు ఉండేది, దాని మీద చూసుకున్నాను. ఏడుగురికి డబ్బు వచ్చింది, ముగ్గురు రిపోర్టులో కనబడ్డారు. శుభం.

కొన్నాళ్ళకి సూపరింటెండెంట్ గారు పిలిచారు. "బాబూ, బ్యాంకులో కొన్ని జమలు పడుతున్నాయి, అవి ఏ పిల్లాడివో తెలీదు. కానీ నా పుస్తకం బ్యాంకు పుస్తకంతో టాలీ కావాలి కదా. పేరు లేకుండా ఎక్కించే దారి చూడు" అన్నారు. న్యాయమైన కోరికే. అప్పటిదాకా జమల టేబుల్లో విద్యార్థి నంబరు లేకపోతే ఒప్పుకునేది కాదు. ఆ సాయంత్రం ఆల్టర్ టేబుల్ కొట్టి ఆ కాలమ్‌లో నల్ ఉండొచ్చని మార్చేశాను. ఒక్క నిమిషం పని. ఆయన చాలా సంతోషించి టీ కూడా ఇప్పించారు.

మర్నాడు ఆయన పేరు తెలియని జమ ఒకటి ఎక్కించారు. ఆ నెల రిపోర్టు ఖాళీగా వచ్చింది. అంటే, డబ్బు రానివాళ్ళు ఎవరూ లేరు! ఆఫీసులో అందరూ సంబరపడ్డారు. గుమాస్తాకి సంక్షేమ శాఖ చుట్టూ తిరిగే పని తప్పింది. మరుసటి నెలా ఖాళీయే, ఆ పై నెలా ఖాళీయే.

ఇక్కడ కాస్త ఆగి ఆ క్వెరీ లోపల ఏం జరిగిందో చెప్పాలి. తెలిసినవాళ్ళు ఒక పేరా దాటేయండి.

ఐదో నంబరు విద్యార్థి (3, 7, నల్) అనే జాబితాలో లేడా అని అడిగాం అనుకోండి. డేటాబేసు దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టుకుంటుంది. 5, 3 వేరువేరా? అవును. 5, 7 వేరువేరా? అవును. 5, నల్ వేరువేరా? నల్ అంటే సున్నా కాదు, ఖాళీ కాదు, "ఏముందో తెలీదు" అని. తెలియనిదాన్ని ఐదుతో పోలిస్తే జవాబు కూడా "తెలీదు" అనే వస్తుంది. అవును, అవును, తెలీదు కలిపితే మొత్తం "తెలీదు". వేర్ అనే గుమ్మం దగ్గర "అవును" అన్నవాళ్ళనే లోపలికి రానిస్తారు, "తెలీదు" అన్నా బయటే. డబ్బు వచ్చినవాళ్ళు జాబితాలో ఉన్నారు కాబట్టి పోయారు, రానివాళ్ళు తెలీదు కాబట్టి పోయారు. వేల వరసల్లో ఒకే ఒక్క నల్ చాలు, రిపోర్టు మొత్తం తుడిచిపెట్టుకుపోవడానికి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఎందుకంటే డేటాబేసు లెక్కలో అక్కడ తప్పేమీ జరగలేదు మరి.

ఇంత తిక్క లాజిక్కు ఎవరు పెట్టారయ్యా అని అప్పట్లో తెగ వెతికాను. రిలేషనల్ మోడల్‌ని 1970లో ప్రపంచానికి చెప్పిన ఐబీఎమ్ కాడ్ గారే, 1979లో రాసిన ఇంకో పేపర్లో నల్‌కి ఈ మూడు విలువల లెక్కని కూడా వివరించారు. ఆయనతో పాటు ఈ మోడల్‌ని అంత ప్రచారం చేసిన క్రిస్ డేట్ మాత్రం నల్ అసలు ఉండకూడదని పుస్తకాల నిండా వాదిస్తూనే వచ్చారు. గురువులకే కుదరలేదు, మనమెంత!

పోనీ అన్ని చోట్లా ఒకే తిక్క ఉందా అంటే అదీ లేదు. ఒరాకిల్ ఖాళీ స్ట్రింగుని నల్ కిందే లెక్కేస్తుంది, మిగతావి అలా చేయవు. యునీక్ పెట్టిన కాలమ్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్క నల్‌నే ఒప్పుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ ఎన్నైనా ఒప్పుకుంటుంది (2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి అక్కర్లేదంటే ఆపుకోవచ్చు). ఫీజు సున్నా కన్నా ఎక్కువ ఉండాలి అని చెక్ పెడితే నల్ దర్జాగా లోపలికి వస్తుంది. అదే షరతు వేర్‌లో రాస్తే బయటే నిలబడుతుంది. ఒకే వాక్యం, రెండు తీర్పులు.

మన పేర్లతో ఇంకో గోల. ఇంటిపేరు కాలమ్ నల్ అయితే, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ప్లస్ గుర్తుతో ఇంటిపేరునీ అసలు పేరునీ కలిపితే మొత్తం పేరే మాయమవుతుంది. అదే కాలేజీలో కొన్ని సర్టిఫికెట్లు పేరు లేకుండా ప్రింటయి వచ్చింది అందుకే. పాస్‌పోర్టులో మొదటి పేరు గడి ఖాళీగా ఉండి, అమెరికా వీసా మీద "ఎఫ్‌ఎన్‌యూ" అని కొట్టించుకున్న మనవాళ్ళు మీకూ తెలిసే ఉంటారు. మొదటి పేరు తెలీదు అని దానర్థం, కానీ చూసినవాళ్ళు అదే పేరనుకుని ఎఫ్‌ఎన్‌యూ గారూ అని పిలుస్తారు. కాలిఫోర్నియాలో ఒక సెక్యూరిటీ పరిశోధకుడు సరదా పడి కారుకి "నల్" అనే నంబరు ప్లేటు తీసుకున్నాడు. నంబరు నమోదు కాని ఎవరెవరి చలాన్లో వచ్చి ఆయన నెత్తిన పడ్డాయి, మొత్తం 12 వేల డాలర్ల పైచిలుకు. 2019 డెఫ్‌కాన్‌లో ఆయనే ఈ కథ చెప్పాడు. అక్కడ జనం నవ్వారు. నేనూ నవ్వాను గానీ, మనస్ఫూర్తిగా కాదు.

సరే, కాలేజీకి వద్దాం. నవంబరులో సెమిస్టర్ పరీక్షలు. హాల్ టికెట్ల స్క్రీను నేను రాయలేదు, నా పక్క సీటు కుర్రాడు రాశాడు. వాడు లెఫ్ట్ జాయిన్ వాడాడు, దానికి ఈ జబ్బు లేదు. డబ్బు రానివాళ్ళని సరిగ్గా పట్టుకుని, హాల్ టికెట్ ఇవ్వను పొమ్మంది. పరీక్ష రోజు పొద్దున్నే ఎనిమిదింటికి ఫోన్. "బాబూ, మీ రిపోర్టు చూస్తే బాకీ ఎవరికీ లేదంటోంది. మీ స్క్రీనేమో పదిహేడు మందికి టికెట్ ఇవ్వనంటోంది. రెండూ మీవే కదా, ఏది నమ్మమంటావు?"

బండేసుకుని వెళ్ళాను. ఆయన గది బయట పిల్లలు నిలబడి ఉన్నారు. నాట్ ఇన్ తీసేసి నాట్ ఎగ్జిస్ట్స్ పెట్టి నడిపితే పదిహేడు పేర్లూ బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రిన్సిపాల్ గారు పన్నెండు మందికి సంతకం పెట్టి పరీక్షకి పంపించారు. మిగతా ఐదుగురు ముందురోజు సాయంత్రమే స్క్రీను చూసి, సొంత డబ్బు కట్టేశారు. అందులో ఒకమ్మాయి వాళ్ళ నాన్న ఆటో తోలతాడు. రాత్రికి రాత్రి వడ్డీకి తెచ్చి కట్టాడని గుమాస్తా చెప్పాడు. మూడు నెలల ముందే ఆ జాబితా వచ్చి ఉంటే తను ఆఫీసుకి వెళ్ళి కనుక్కునేవాణ్ణే కదా అని కూడా అన్నాడు. నన్నేమీ అనలేదు, ఆ మాట మాత్రం అన్నాడు.

ఆ అమ్మాయి దరఖాస్తులో పేరు స్పెల్లింగు తేడా అట. సరిచేయించాక మార్చిలో ప్రభుత్వం డబ్బు వచ్చింది, కాలేజీ వాళ్ళు కట్టింది తిరిగి ఇచ్చేశారు. నాలుగు నెలల వడ్డీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు. ఇవ్వాలని తోచింది, ఎలా ఇవ్వాలో తెలియక ఊరుకున్నాను. ఇప్పుడైతే ఇచ్చేవాణ్ణనుకుంటా.

ఆ రిపోర్టు అడుగున తర్వాత నాలుగు అంకెలు చేర్చాను: మొత్తం విద్యార్థులు, డబ్బు వచ్చినవాళ్ళు, రానివాళ్ళు, ఎవరివో తెలియని జమలు. రెండోదీ మూడోదీ కలిపితే మొదటిది రావాలి. రాకపోతే రిపోర్టు ప్రింటవదు. ఇక మీరు చూసుకోనక్కర్లేదు సార్, అదే చూసుకుంటుంది అని సూపరింటెండెంట్ గారికి చెప్పాను. ఆయన సరేనన్నారు. నేను ఆ కంపెనీ మానేసేదాకా, నెలనెలా ఆ కాగితం తీసుకుని, పెన్సిలుతో ఆ రెండు అంకెలూ తనే కూడి, పక్కన టిక్కు పెట్టి మరీ ఫైల్లో పెట్టేవారు.