పడవకు పళ్ళుండవు

ఎద్దును కొనబోయేవాడు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. గేదెను కొనేవాడు రెండు పూటలా పాలు పిండించి చూస్తే గాని పలుపు చేత పట్టుకోడు. ఇవన్నీ మా నాన్నగారు నాకు చిన్ననాడే నేర్పారు. పాత పడవను కొనేటప్పుడు యేమి చూడాలో మాత్రం చెప్పలేదు. ఆయన తన జన్మలో పడవ కొని యెరుగరు. మా యింట్లో ఆ పని మొదట చేసిన ఘనుణ్ణి నేనే. అది 1973వ సంవత్సరం.

మాది యానాం. యిల్లు గౌతమి వొడ్డున. మాకున్న రెండెకరాల నేల గౌతమి నడుమ లంకలో. కొన్ని కొబ్బరిచెట్లు, మిగతా అంతా కూరపాదులు. అవతల ఎదుర్లంకకు పంటు వుండేది గాని (వంతెన 2002లో గదా వచ్చింది), పంటు మా లంక దగ్గర ఆగదు. అద్దె పడవ మాట్లాడుకోవాలి. పడవవాడు మనకు కావలసినప్పుడు రాడు. తనకు కావలసినప్పుడు వస్తాడు. ఆ యేడు సంక్రాంతి ముందు అతను బావమరిది పెళ్ళికి పోయి ఆరు రోజులు కనిపించలేదు. కోసి గట్టున పెట్టిన వంకాయలు గట్టునే ముడతలు పడ్డాయి. ఆ రాత్రి అన్నం తింటూ, "మనమే వొక పడవ కొనుక్కొందామే అమ్మా" అన్నాను.

నాన్నగారు పోయి అప్పటికి మూడేళ్ళు. నేను బడిపంతులును. జీతం యింటి ఖర్చుకూ చెల్లెలి పెళ్ళి అప్పుకూ సరిపోయేది. అమ్మ యేమీ అనలేదు. మర్నాడు పెట్టె తెరిచి, తాను యిక పెట్టుకోనని దాచిన నాలుగు కాసుల గొలుసు తీసి నా చేతిలో పెట్టింది. అది అమ్మితే యెనిమిది వందల చిల్లర వచ్చింది.

"ఒక్కడివీ వెళ్ళకురా. తాళ్ళరేవు వెళ్ళి మామయ్యను వెంటబెట్టుకో. అక్కడ వోడలు కట్టే వడ్రంగులంతా అతనికి తెలుసు" అని మాత్రం చెప్పింది.

నేను మామయ్యను పిలవలేదు. కారణం యిప్పుడు దాచడమెందుకు? మామయ్య నలుగురిలో నన్ను "వొరే అబ్బాయ్" అంటాడు. నాకు పాతికేళ్ళు, పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. ఒక చెక్క పడవను చూసుకోలేనా అనుకొన్నాను.

మడ అడవుల వైపు వొక పల్లెలో పడవ వున్నదని విని ఆదివారం నాడు వెళ్ళాను. పదహారు మూరల పడవ. అడుగంతా నల్లగా నిగనిగలాడే తారు, పైన నీలం రంగు, అంచున పసుపు చార. కొత్త పెళ్ళికొడుకులా వుంది. పాత పడవకు కొత్త తారు యెందుకు పూశారు అన్న ప్రశ్న నాకు రాలేదు. ఎక్కి కూర్చున్నాను, అటూ యిటూ వూపాను, కొబ్బరికాయను కొట్టి చూసినట్టు రెండు చోట్ల వేళ్ళతో కొట్టి చూసి తల వూపాను. ఆ తల వూపడం యెందుకో నాకే తెలియదు. అమ్మేవాడు చూస్తున్నాడు గనుక వూపాను.

అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళున్నాయి. అది మాత్రం అడిగాను.

"ఆయ్, నెల్లాళ్ళు గట్టుమీద యెండిందండీ మేష్టారూ. నిన్ననే నీళ్ళలోకి దింపాం. చెక్క వుబ్బితే సందులు వాటంతట అవే మూసుకుంటాయండి. తమకు తెలియందేముంది!"

ఆ చివరి మాటతో నేను పడిపోయాను. తొమ్మిది వందలన్నది యేడువందల యెనభైకి తెగింది.

ఇక్కడ చదువరులు వొక సంగతి గమనించాలి. అతను చెప్పింది అబద్ధం కాదు. చెక్క పడవ యెండలో వుంటే పలకలు కృశించి సందులు విడుతాయి. నీటిలో దింపిన మొదటి రోజు యెంత మంచి పడవైనా నీళ్ళు తాగుతుంది. రెండు మూడు రోజులకు వుబ్బి, తగ్గుతుంది. కనుక కొత్తగా దింపిన పడవలో నీళ్ళు కనబడితే అది ఆరోగ్యమో, రోగమో ఆ పూట చూసి చెప్పడం యెవరి తరమూ కాదు.

మొదటి వారం నాలుగు వేళ్ళ నీళ్ళు. రెండో వారం నాలుగు వేళ్ళు. ఇంకా వుబ్బలేదు కాబోలు అనుకొన్నాను. ఉగాదికి జానెడయింది. అమ్మకు తెలియకూడదని తెల్లవారుజామున లేచి, నూనె డబ్బా తీసుకుని వెళ్ళి నీళ్ళు తోడి వచ్చేవాణ్ణి. తడిబట్టలతో తిరిగివస్తే, కొడుకు నదీస్నానం మరిగాడని అమ్మ మురిసి యిరుగుపొరుగులతో చెప్పుకొన్నది. ఆ గొలుసు విషయం కన్నా ఆ మురిపెమే నన్ను యెక్కువ బాధపెట్టింది. అయినా నోరు విప్పలేదు.

వైశాఖంలో అమ్మ లంక చూస్తానన్నది. ఎండ యెక్కువ, రేపు, యెల్లుండి అని వాయిదాలు వేసి వేసి వొకనాడు కాదనలేకపోయాను. చెల్లెలి కూతురు కూడా బయలుదేరింది, అయిదేళ్ళ పిల్ల. మేము యేటి నడిమికి వెళ్ళేసరికి పోటు తీసి పాటు మొదలయింది, గాలి యెదురు తిరిగింది. నేను తెడ్డు బలంగా వేశాను. కాలికింద యేదో మెత్తగా తగిలింది. చూద్దును గదా, అడుగు పలకలో నా అరచెయ్యంత ముక్క రొట్టెలా విరిగి, నీళ్ళు బుగ్గలా పైకి వస్తున్నాయి.

అమ్మ కేక వెయ్యలేదు. పిల్లను అడ్డబల్ల మీద కూర్చోబెట్టి, "గట్టిగా పట్టుకో తల్లీ" అని, తాగేందుకు తెచ్చిన యిత్తడి చెంబు వొంచేసి, దానితో నీళ్ళు తోడడం మొదలుపెట్టింది. నేను పై పంచె వుండచుట్టి ఆ కన్నంలో మడమతో అదిమిపెట్టి తెడ్డు వేశాను. ఎంతసేపో తెలియదు. పడవ అంచుకూ నీటికీ మధ్య బెత్తెడు వున్నప్పుడు యిసుక తిన్నె తగిలింది.

దిగి, చీర కొంగు పిండుకొంటూ అమ్మ అడిగింది: "ఎన్నాళ్ళనుంచి?"

"మొదటినుంచీ."

ఇంకేమీ అనలేదు. కాసేపటికి, "రేపు మామయ్యకు కబురు పెట్టు" అన్నది.

మామయ్య వొక ముసలి వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చాడు. నలుగురం పట్టి పడవను గట్టుమీదికి లాగి బోర్లించాము. తాత వులితో తారు గీకాడు. కింద చెక్కమీద ఆవగింజంత చిల్లులు, అక్కడొకటి యిక్కడొకటి. "ఇంతేనా!" అన్నాను. ఆయన నవ్వి వొక పలక ముక్క చెక్కి తీసి చూపించాడు. లోపలంతా గుల్ల. వేలు దూరేటంత సొరంగాలు, గోడలకు సున్నం పూసినట్టు తెల్లగా. చూడడానికి మెత్తని పురుగు. జాతికి మాత్రం అది ఆల్చిప్పల చుట్టం. తల దగ్గరి రెండు చిన్న చిప్పలతో చెక్కను కోరుకుంటూ పోతుంది. నలుసంత వున్నప్పుడు దూరి లోపలే పెరుగుతుంది. వచ్చిన గుమ్మం మాత్రం పెద్దది కాదు. బయట చూసేవాడికి ఆవగింజే.

దానికి వుప్పునీరు కావాలి. వేసవిలో గోదావరి నీరు పైన ధవళేశ్వరం దగ్గరే ఆగి కాలువలలోకి మళ్ళుతుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన నాటినుంచీ అంతే. పోటుతో సముద్రపు నీరు మా దాకా వస్తుంది. శ్రావణంలో యెర్రనీరు దిగితే వుప్పంతా కొట్టుకుపోయి, ఆ తియ్యనీటిలో యీ పురుగు చస్తుంది. గట్టున బాగా యెండినా చస్తుంది. ఈ పడవ యేళ్ళ తరబడి మడ కాలువల వుప్పులో కట్టేసి వున్నది.

"దీన్ని చూసుకోడం యేమంత విద్య బాబూ?" అన్నాడు తాత. "సన్న చీల వొకటి తీసుకుని ఏరా పక్క పలకలు పొడిచి చూడాలి. చీల ఆగితే చెక్క, దిగితే జున్ను. చేతికి చీల లేకపోతే బొగ్గు చాలు. నీళ్ళన్నీ తోడేసి వదిలి, మర్నాడు నీళ్ళు యెంతవరకు వచ్చాయో లోపల వొక గీత గియ్యి. మళ్ళీ తోడు, మళ్ళీ గియ్యి. గీత రోజు రోజుకూ దిగితే చెక్క వుబ్బుతున్నట్టు. నిలిచినా, యెక్కినా రోగం."

పిల్లలకు లెక్కలు చెప్పే నాకు నాలుగు వేళ్ళూ నాలుగు వేళ్ళూ సమానమని తోచకపోవడం చూడండి!

ఏరా, అంటే అడుగున పొడుగునా వుండే దూలం, చెడలేదు. లోపలి తుమ్మ వంపుకర్రలు కూడా గట్టివే. "బొమికలు మంచివే, తోలే పాడయింది" అని తాత మూడు పలకలు మార్చాడు. గడ్డిమంట చూపించాడు. సందుల్లో దూది కుక్కి, నూనెలో కాచిన గుగ్గిలం పెట్టాడు. అడుగుకు జీడిపిక్కల నూనె పట్టించాడు. మూడువందల నలభై రూపాయలయింది. అది తీర్చడానికి సాయంత్రాలు యేడాదిపాటు ప్రైవేట్లు చెప్పాను. మామయ్య మాత్రం పెద్ద మనసుతో పదేళ్ళ పాటు, యే శుభకార్యంలో కలిసినా, యీ కథను అందరికీ చెప్పాడు.

అమ్మినవాడి దగ్గరకు కూడా వెళ్ళాను, కోపంగానే. అతను కుర్చీ వేసి, కొబ్బరిబొండం కొట్టి యిచ్చి, "మీరు నీళ్ళ సంగతి అడిగారండి, చెప్పాను. పురుగు సంగతి అడగలేదు గదండీ మేష్టారూ" అన్నాడు. బదులు తోచక బొండం తాగి వచ్చాను. అతను మోసగాడేనని యిప్పటికీ నా అభిప్రాయం. కాకపోతే ఆ మోసంలో నా వాటా యెంత అన్నది తేలలేదు.

ఆ తరువాత పడవ మా మాట విన్నది. ప్రతి వేసవిలోనూ పదిహేను రోజులు గట్టున బోర్లించి యెండబెట్టేవాళ్ళం. పన్నెండేళ్ళు వంకాయలూ కొబ్బరికాయలూ మోసింది. 1985లో లంక నేల వొరుసుకుపోయి సగమయింది. పడవను అమ్మకానికి పెట్టాను.

ఒక కుర్రవాడు వచ్చాడు, వొక్కడే. ముందురోజే దింపిన పడవ. అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు. అతను యెక్కి అటూ యిటూ వూపాడు. రెండు చోట్ల వేళ్ళతో కొట్టి తల వూపాడు. "ఎండలో వుందాండీ?" అని అతనే అన్నాడు. అవునన్నాను. నిజమే గదా. అంతకు మించి నోరు పెగలలేదు. ధర మంచిదే పలుకుతున్నది.

అమ్మ అరుగుమీద కూర్చుని వున్నది. అప్పటికి చూపు తగ్గింది. "నీ వెంట యెవరూ రాలేదా నాయనా?" అని అడిగింది. లేదన్నాడు. ఆవిడ గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, పొయ్యిలోంచి బొగ్గుముక్క వొకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. గీతల సంగతంతా చెప్పింది. "పడవ తీసుకుపో. వారం చూసుకుని అప్పుడు డబ్బు తెచ్చియ్యి" అన్నది.

ఆ వారం నాకు నిద్ర లేదు. పడవా డబ్బూ రెండూ పోయాయనే అనుకొన్నాను. ఎనిమిదో నాడు కుర్రవాడు వచ్చాడు. గీత మూడు వేళ్ళు దిగిందిట. నాలుగో వేలు యింకా దిగలేదు గనుక యాభై రూపాయలు తగ్గించమన్నాడు. అమ్మ నా వైపు చూసింది. తగ్గించాను.