పురిటిబిడ్డకు పక్షవాతమా?

పక్షవాతమనగానే మనకు స్ఫురించేది వార్ధక్యం, రక్తపోటు, వంకర తిరిగిన మూతి. రెండు రోజుల పసికందుకు కూడ ఆ వ్యాధి సోకగలదని మా మనుమరాలు పుట్టేవరకు మేము విని ఎరుగము. కొన్ని వేల కాన్పులలో ఒక బిడ్డకు ఇది వస్తుంది. బాల్యమంతటిలోను పక్షవాతపు ముప్పు అత్యధికంగా ఉండేది పుట్టిన తొలివారంలోనేనని వైద్యులు చెబితే విస్మయం కలిగింది.

తల్లి కడుపులో శిశువు ఊపిరితిత్తులు ఇంకా పనిచేయవు గనుక, గుండె కుడి ఎడమ గదుల మధ్య ఒక చిన్న ద్వారం తెరచి ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే అది బైపాస్ లైను. మాయలో ఏర్పడిన రక్తపుగడ్డ ఆ ద్వారం గుండా మెదడు ధమనిని చేరి అడ్డుపడవచ్చు. ఎక్కువగా ఎడమవైపు మెదడు దెబ్బతింటుంది. ఇదమిత్థమైన కారణం తేలని సందర్భాలే అనేకం. బాలింత తిన్న పదార్థం వల్లనో, గ్రహణం పూట బయట తిరిగినందువల్లనో వచ్చే జబ్బు మాత్రం కాదు. ఈ మాట మా అమ్మాయికి పదే పదే చెప్పవలసివచ్చింది.

రెండవనాటి రాత్రి బిడ్డ కుడిచేయి లయబద్ధంగా ఎగిరిపడసాగింది. నిద్రలో ఉలికిపాటేనన్నారు పెద్దలు. డ్యూటీలో ఉన్న నర్సు మాట్లాడకుండా ఆ చేతిని తన అరచేతిలో పట్టుకొన్నది. మామూలు వణుకు పట్టుకొంటే ఆగుతుంది. మూర్ఛ వల్ల కలిగే కుదుపు పట్టులో కూడ సాగుతూనే ఉంటుంది. అది ఆగలేదు. మూతి వంకర పోలేదు, కాలు చేయి చచ్చుబడలేదు. మధ్యమధ్య బిడ్డ చక్కగా పాలు త్రాగుతూనే ఉన్నది. ఈ రోగం పెద్దలను మభ్యపెట్టేది ఇక్కడే. కొందరు బిడ్డలలో కుదుపులకు బదులు ఊపిరి క్షణకాలం ఆగి ఒళ్ళు నీలమవడం, చూపు ఒకే ప్రక్కకు నిలిచిపోవడం, మత్తుగా పడివుండడం కనిపిస్తాయట.

ముందుగా రక్తంలో చక్కెర, కాల్షియం చూశారు. అవి తగ్గినా, చీము దోషం ఉన్నా ఇటువంటి మూర్ఛలే వస్తాయి. పిమ్మట మెత్తని నడినెత్తి మీదుగా అల్ట్రాసౌండు తీశారు. దోషమేమీ కనబడలేదు. ఇక ఇంటికి పోదామన్నారు బంధువులు. పిల్లల డాక్టరు అంగీకరించలేదు. మెదడు పైపొరలకు దగ్గరగా ఉన్న దెబ్బ ఆ పరీక్షకు అందకపోవచ్చుననీ, ఎం.ఆర్.ఐ. తప్పదనీ పట్టుపట్టారు. యంత్రం తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్నది. (పెళ్ళయిన కుమార్తె మా వైద్య కార్డులోకి రాదు గనుక రెఫరల్ ఉత్తరం ప్రసక్తి లేదు.) కడుపునిండా పాలిచ్చి, గుడ్డలో బిగువుగా చుట్టి పడుకోబెడితే, మత్తుమందు అవసరం లేకుండానే పరీక్ష పూర్తయింది.

ఈ పరీక్షలోని డిఫ్యూజన్ పద్ధతి మమ్మల్ని ఆకర్షించింది. రక్తం అందని కణాలు ఉబ్బితే వాటిలోని నీటి అణువుల కదలిక మందగిస్తుంది. యంత్రం పట్టేది ఆ మందగమనాన్నే. పిల్లులపై చేసిన ప్రయోగాలలో దీని ఉపయోగం 1990లో వెల్లడయింది. దాదాపు వారం గడిస్తే ఆ గుర్తు మాసిపోతుంది, తొందర అందుకే. ఎడమ మెదడులో మధ్య ధమని ప్రాంతం తెల్లగా మెరిసింది.

పెద్దలకిచ్చే గడ్డ కరిగించే మందులు పసివారికి సాధారణంగా ఇవ్వరు. మరి ముందే తెలిసి లాభమేమని మేమూ అడిగాము. మూర్ఛలను అదుపు చేయవచ్చు, గుండెను పరీక్షించవచ్చు, అన్నిటికీ మించి ఆ చేతిని కనిపెట్టి ఉండవచ్చునన్నారు. కొందరు బిడ్డలలో తొలిరోజులలో ఏ సూచనా ఉండదు. అయిదారు నెలలకు ఒక పిడికిలి విప్పకపోవడం, బొమ్మకోసం ఒకే చేయి చాచడం కనబడుతుంది. ఏడాదిలోపు ఏ బిడ్డకూ చేతివాటం ఏర్పడకూడదు. అటువంటి బిడ్డను చూసి "ఎడమచేతివాటం" అని మురిసిపోక డాక్టరుకు చూపాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఇందుకు ఉన్నవే.

మా మనుమరాలికి అయిదవ నెలలోనే వ్యాయామం మొదలయింది. తరువాత రోజుకు కొంతసేపు మంచి చేతికి మేజోడు తొడిగి, బలహీనమైన చేతితోనే ఆడించేవారు. ఏడుపులు మేము చూడలేక బయటికి పోయేవారము; మా శ్రీమతి మాత్రం కదిలేది కాదు. ఇప్పుడు పాపకు నాలుగేళ్ళు. పరుగెత్తుతుంది, గలగలా మాట్లాడుతుంది. అన్నం ఎడమచేత్తో తింటుంది. కుడిచేయి కంచాన్ని కదలకుండా పట్టుకొంటుంది. ఆ పట్టుకోవడానికి మూడేళ్ళు పట్టింది. పెళ్ళిపంక్తులలో ఎవరైనా "కుడిచేత్తో తినమ్మా" అంటే, "దానికి వేరే పని ఉందండి" అని మా శ్రీమతి జవాబు.