అమ్మ చిట్టా పుస్తకం

అమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టెలో ఒక నోటు పుస్తకం దొరికింది. ఇంటి ఖర్చుల చిట్టా. పాలవాడికి ఇచ్చింది, చీటీ కట్టింది, పక్కింటామె దగ్గర తీసుకున్న చేబదులు అన్నీ అందులో ఉన్నాయి. ‘దూద్‌వాలేకు రెండొందలు దియే.’ ‘చీటీకే పైసే బాకీ హై.’ అక్షరాలు తెలుగువి. మాటలు మావి.

ఆ పుస్తకాన్ని ఒక తెలుగు మిత్రుడి చేతికిచ్చాను. గడగడా చదివేశాడు. సగం అర్థం కాలేదన్నాడు. ఉర్దూ పత్రికలో పనిచేసే ఇంకో మిత్రుడి ముందు పెట్టాను. తెలుగు అక్షరాలు రావన్నాడు. నేనే చదివి వినిపించాను. అంతా అర్థమైంది. అర్థమయ్యాక, “ఇది ఉర్దూ కాదు భాయ్” అన్నాడు.

మరి ఏ భాష?

నేను నెల్లూరు కోటమిట్టలో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో మాటకి బజారు పెట్టిన పేరు తురకం. మేం ఉర్దూ అనుకునేవాళ్ళం. చదువుకున్నవాళ్ళు దక్కనీ అంటారు. అమ్మ దానికి ఏ పేరూ పెట్టలేదు. ‘హమారీ బాత్’ అనేది. మన మాట, అంతే.

మాతో ఆ మాటలో మాట్లాడేది. గడప దాటి కొళాయి దగ్గరికి పోతే, “యాడికి పోతుండావు మే, పిలకాయలు తిన్నారా?” అనేది. నమాజులో అరబీ. స్వర్ణాల చెరువులో రొట్టెల పండక్కి నా కోసం చదువు రొట్టె పట్టింది. రొట్టె అడిగింది తెలుగులో. బారా షహీద్ దర్గాలో దువా చేసింది మా మాటలో. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి పోతున్నానని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. మనకే అనిపిస్తుంది, చదువుకున్నాం కాబట్టి.

మా మాటని కొంచెం విప్పి చూడండి. ‘వస్తానని చెప్పాడు’ అనడానికి మేం ‘ఆతూఁ బోల్కే బోల్యా’ అంటాం. ఆ ‘బోల్కే’ ఏమిటి? మీ ‘అని’. ‘రేపొస్తారంట’ అనడానికి ‘కల్ ఆతే కతే’ అంటాం. ఆ ‘కతే’ మీ ‘అంట’. మాటలు ఉత్తరాది నుంచి వచ్చి ఉండొచ్చు. వాటిని పేర్చిన పద్ధతి ఈ నేలది. కొన్ని వందల ఏళ్ళు తెలుగువాళ్ళ పక్కన బతికితే నాలుక ఇలాగే అవుతుంది.

మరి మీ నాలుకో? జిల్లా, తహసీల్దారు, వకీలు, ఫిర్యాదు, జవాబు, హామీ. ఇవి తీసేసి ఒక్కరోజు కచేరీ నడపండి చూద్దాం. మా నెల్లూరు నుంచి వచ్చే పాత వారపత్రిక పేరు ‘జమీన్ రైతు’. ఆ రెండు మాటలూ పారశీ, అరబీల నుంచి వచ్చినవే. వాటిని చూసి ఇది తెలుగు పత్రిక కాదని ఎవరూ అనలేదు. సంస్కృతం కలవని అచ్చతెలుగులో మొదటి కావ్యమని చెప్పుకునే ‘యయాతి చరిత్ర’ని పొన్నికంటి తెలగన 16వ శతాబ్దంలో ఎవరికి అంకితమిచ్చాడు? గోల్కొండ రాజ్యంలోని అమీన్‌ఖాన్‌కి. అచ్చతెలుగు కావ్యాన్ని అందుకున్నవాడు ఒక ముస్లిం.

అయినా మమ్మల్ని అడుగుతారు, ‘మీకు తెలుగు ఇంత బాగా ఎట్టా వచ్చింది?’ అని.

బాబ్రీ మసీదు కూల్చిన ఏడాది, 1992లో నేను ఏడో తరగతి. ఒకరోజు తిక్కన పద్యం తప్పు లేకుండా అప్పజెప్పాను. అయ్యవారికి సంతోషమైంది. “చూడండ్రా, తురక పిల్లోడు ఎంత బాగా చెప్పాడో! మీకు సిగ్గు లేదా?” అన్నారు. క్లాసంతా నా వైపు తిరిగింది. ఆయన మంచాయనే. మెచ్చుకున్నారు. ఆ మెప్పుతోనే నన్ను తెలుగులోంచి బయటికి పంపారు. తిక్కన మా ఊరివాడు. నేనూ ఆ ఊరివాణ్ణే. ఆయన పద్యం నా నోట్లో ఉంటే వింతేముంది?

పెద్దయ్యాక హైదరాబాదులో ఒక సభలో ఉర్దూలో మాట్లాడాను. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన నవ్వుతూ, “జనాబ్, మీరు మాట్లాడేది ఉర్దూనా, తెలుగా?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ముస్లిం అంటే ఉర్దూ అని తేల్చేసేవాళ్ళు మా ఊళ్ళ వైపు రావాలి. దూదేకుల వాళ్ళ ఇళ్ళల్లో తెలుగే. సూళ్ళూరుపేట దాటి పులికాట్ పోతే అక్కడి ముస్లింలది తమిళం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్జలా’ సంకలనం, ఆ తర్వాత మా జిల్లా యాసలోనే మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ వచ్చాక కదా మా గొంతు తెలుగు అచ్చులో గట్టిగా వినపడింది! అవి చదివి, మన ఇంటి సంగతులు కూడా రాయొచ్చా అని ఆశ్చర్యపోయినవాణ్ణి నేను.

2022లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటా ఉర్దూని రెండో అధికార భాష చేశారు. సంతోషమే. కానీ ఆఫీసు బోర్డు మీద ఆ లిపిని అమ్మ కూడబలుక్కుని చదివేది. ఖురాన్ చదివిన కళ్ళు కాబట్టి అక్షరాలు తెలుసు. రాయడం రాదు. చట్టంలో ఉన్న ఉర్దూకీ, చిట్టాలో ఉన్న మా మాటకీ మధ్య ఇంత దూరముంది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. జనాభా లెక్కల్లో మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష అని నియమం. 2011లో మా ఇంటికొచ్చిన ఆమె ఆ ప్రశ్న అడిగినప్పుడు అమ్మ నా మొహం చూసింది. “ఉర్దూ” అని నేనే రాయించాను. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు, 2027లో అంటున్నారు. ఈసారి నా కూతురికి ఏమి రాయించాలి?

దాని తల్లి దానితో తెలుగులోనే మాట్లాడింది. అలా మాట్లాడమన్నది నేనే. “బళ్ళో నవ్వుతారు, మన మాట నక్కో” అన్నాను. వద్దని చెప్పడానికి కూడా నాకు ఆ మాటే నోటికొచ్చింది. తిక్కన పద్యం నాడు క్లాసంతా నా వైపు తిరిగినట్టు నా బిడ్డ వైపు తిరగకూడదనుకున్నాను. తిరిగినవాళ్ళని ఏమీ అనలేక, అమ్మ మాటని ఇంట్లోంచి పంపేశాను. అమ్మ చివరి నెలల్లో మనవరాలితో మాట్లాడాలంటే కొళాయి దగ్గరి తెలుగే మాట్లాడింది. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు రోజూ రాత్రి అన్నాలయ్యాక ఆ చిట్టా తీస్తున్నాం. నా కూతురిది ఇంగ్లీషు మీడియం. తెలుగు అక్షరాలు మెల్లగా కూడబలుక్కుంటుంది. అది చదువుతుంది, నేను అర్థం చెబుతాను. మొదట్లో నవ్వింది. తర్వాత ‘దియే’, ‘లియే’ తనే చెప్పడం మొదలుపెట్టింది. నిన్న ‘చీటీకే పైసే బాకీ హై’ దగ్గర ఆగి, నేను నోరు తెరిచేలోగా అంది.

“బాకీ అంటే తెలుసులే డాడీ. ఇంకా ఇవ్వాలని.”