పైథాను పాఠమునకు పుటల పొందిక

మా వారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. ఎనిమిదవ తరగతి పిల్లలకు పైథాను అను కంప్యూటరు భాషను మొదటినుండి నేర్పుటకై తొమ్మిది పాఠములు గల చిన్న పుస్తకము నొకదానిని వారు సమకూర్చిరి. అందలి విషయము సరళము, ఉదాహరణములు మంచివి. అయినను మొదటి నెలలోనే కొందఱు బాలికలు “మాకీ విద్య రాదండీ” యని వెనుకకు తగ్గిరట. ఈ మాట మాకు మిక్కిలి కష్టముగా తోచినది. పదమూడేండ్ల పిల్ల తనకు బుద్ధి చాలదని యొకమాఱు నిశ్చయించుకొన్నచో, ఆ నిశ్చయమును మరలించుట పెద్దలకు సులభము గాదు. అందుచేత ఆ పుటలను తెప్పించుకొని చూచితిమి. కంప్యూటరు విద్య మాకును క్రొత్తయే. ఆ క్రొత్తదనమే యీ పనికి తోడ్పడినది. తెలిసినవారి కన్ను దాటిపోవు చోట మా కన్ను తట్టుకొని నిలిచినది.

పైథానును గైడో వాన్ రోసమ్ అను డచ్చి దేశీయుడు నిర్మించి 1991వ సంవత్సరమున లోకమునకు వెలువరించెను. అనేక కంప్యూటరు భాషలలో ఒక యాజ్ఞకు లోబడిన పంక్తులను బ్రాకెట్ల నడుమ బంధింతురు. ఇందు అట్లు గాక, ఆ పంక్తులను ఎడమ అంచునుండి కొంత లోపలికి జరిపి వ్రాయవలయును. ఎంత జరుపవలె ననగా, నాలుగు ఖాళీలు విడువుడని 2001వ సంవత్సరమున వెలువడిన లేఖన నియమములు చెప్పుచున్నవి. కావున ఆ ఖాళీ అలంకారమని తలపరాదు, అది వ్యాకరణము. ఫైలు చేతులు మారుటలో ఈ ఖాళీలు కొన్నిచోట్ల మాయమైనవి, కొన్నిచోట్ల అక్కఱలేకయే పుట్టుకొనివచ్చినవి.

ఒకటి మొదలు అయిదు వఱకు అంకెలను కూడు ప్రోగ్రాము నాలుగవ పాఠమున నున్నది. కూడిక చేయు పంక్తి ఆవృత్తమునకు లోబడినది గనుక లోపలికి జరిగి యుండవలె. మొత్తమును చూపు పంక్తి అంచున నుండవలె. అట్లున్నచో తెరపై 15 అని యొక్కమాఱు వచ్చును. మా చేతికి వచ్చిన పుటలో ఆ కడపటి పంక్తియు లోపలికి జరిగియున్నది. దాని నున్నది యున్నట్లు వ్రాసినచో 1, 3, 6, 10, 15 అని యైదు సంఖ్యలు ఒకదాని క్రింద నొకటి వచ్చును. యంత్రము దోషమని చెప్పదు. దాని దృష్టిలో అదియు సక్రమమైన యాజ్ఞయే. వ్రేళ్లపై పదునైదని లెక్కించుకొని వచ్చిన పిల్ల ఈ యైదింటిని చూచి ఎవరిని శంకించును? తన్నుతానే గదా!

సోదరీమణులారా, బాల్యమున మేము తాతగారి యొద్ద కావ్యములు చదివితిమి. వారి తాళపత్రములలో పదముల నడుమ ఖాళీ లేదు. పద్యపాదములును వేఱువేఱు పంక్తులుగా నుండవు. అయినను తాతగారు యతిప్రాసల నానవాలుగా గొని పాదములను విడదీసికొనుచు, పదచ్ఛేదము చేసికొనుచు, ధారాళముగా చదువుచుండిరి. పుటలో లేనిదానిని చదువరి పాండిత్యము పూరించుచుండెను. యంత్రమున కట్టి యూహ లేదు. నేడే మొదలుపెట్టిన పిల్లకును లేదు. చెడిన పుట పండితునకు చాలును గాని బాలకు చాలదు.

తక్కిన చిక్కులలో పెక్కులు వర్డ్ ప్రాసెసరు చేసిన యుపకారములు. మనము నిటారుగా వ్రాసిన కొటేషను గుర్తులను అది వంకర గుర్తులుగా మార్చును. కంటికి సొగసే, కాని ఫైలునుండి యెత్తి ప్రోగ్రాములో పెట్టినచో పైథాను వానిని అంగీకరింపదు. పంక్తి మొదటి యక్షరమును పెద్దదిగా చేయును. అంతట ప్రింట్ అను చిఱుత యక్షరముల మాట వేఱొక మాటయై, అట్టి పేరు తన కెఱుకలేదని యంత్రము పలుకును. మన తెలుగు లిపిలో పెద్దయక్షరములు, చిన్నయక్షరములు అను భేదమే లేదు గదా! కావున మన పిల్లలకు ఈ సంగతి విడిగా చెప్పకున్న తోచదు. ట్యాబు మీటతో విడిచిన ఖాళీయు, స్పేసు మీటతో విడిచిన ఖాళీయు కంటి కొక్కటే. రెంటిని కలగలిపినచో పైథాను 3 త్రోసిపుచ్చును.

మఱియొక సంగతి. పిల్ల వ్రాయవలసినదియు యంత్రము బదులు చెప్పినదియు ఒకే తీరు అక్షరములలో నుండెను. యంత్రము తాను సిద్ధముగా నున్నానని తెలుపుటకు చూపు మూడు కోణపు గుర్తులను గూడ పిల్లలు టైపు చేసి తిట్లు తినుచుండిరి. వ్యాఖ్యానము గల ప్రబంధములలో మూలము పెద్ద యక్షరములతో, టీకాతాత్పర్యములు చిన్న యక్షరములతో అచ్చువేయుట మనము చూచినదే. ఆ పద్ధతినే పట్టితిమి. పిల్ల వ్రాయవలసిన పంక్తులను, ప్రతి యక్షరమునకు సమాన వెడల్పు గల ఫాంటులో, లేత బూడిదరంగు పట్టీపై నిలిపితిమి. బదులును దాని క్రింద విడిగా వేసితిమి. ఆ ఫాంటులో సున్నకును ఓ అక్షరమునకును భేదము స్పష్టముగా తెలియును. బంధువు లొకరు అంచులకు పూలతీగలు పెట్టిన ముచ్చటగా నుండునని సెలవిచ్చిరి. పెండ్లి శుభలేఖకు పెట్టుదమని మానితిమి.

ప్రింటు తరువాత కుండలీకరణములు లేని ఉదాహరణములు రెండు కనబడినవి. 2008 డిసెంబరున వెలువడిన పైథాను 3 మొదలు అవి తప్పనిసరి. ఇది పొందికకు మించిన సవరణ గనుక మా వారికి చూపితిమి, వారే దిద్దిరి.

దిద్దిన ప్రతి యుదాహరణమును అచ్చుకాగితము చూచి మేమే టైపు చేసితిమి. పుటలో నున్న ఫలితమే తెరపై వచ్చినగాని తరువాతి పుటకు పోలేదు. తొమ్మిది పాఠములకు పదునొకండు రాత్రులు పట్టినవి.

చతురపు గళ్లవంటి హ్యాషు గుర్తు తరువాత వ్రాసినది యంత్రము చదువదు. అది మనుష్యులకై వ్రాయు వ్యాఖ్య. ఆ చోట ఒక్కొక్క పంక్తి భావమును తెలుగున చేర్చితిమి. పుట ఇఱుకగునని మా వారి యాక్షేపణ. ఉండనిండని మేమంటిమి. ఆ వివాద మింకను తెగలేదు గాని, పిల్లలు తమ ప్రోగ్రాములలో హ్యాషు గుర్తు పెట్టి తమకు తోచిన వ్యాఖ్యలు వ్రాయ మొదలుపెట్టిరి. వెనుకకు తగ్గిన బాలికలలో నొకతె మొన్న కూడిక ప్రోగ్రామునకు మూడు పంక్తుల వ్యాఖ్య వ్రాసి తెచ్చినది. ప్రోగ్రామున కంటె వ్యాఖ్యయే పెద్దది.