పట్పర్‌గంజ్‌లో మనం ఎటు?

లక్ష్మీ నగర్‌లో మేముండే మూడో అంతస్తు కిటికీ తెరిస్తే ఎదురుగా కనిపించేది సీఏ కోచింగ్ హోర్డింగ్. ర్యాంకులు కొట్టిన పిల్లల ఫొటోలు, వాటి కింద మార్కులు. సందులో మోమోల బండి, జిరాక్స్ షాపు, పీజీ గదుల బోర్డులు. ఢిల్లీలో చరిత్ర చూడాలంటే యమున దాటి ఎర్రకోటకో, కుతుబ్ మీనార్‌కో వెళ్లాలని, ఇవతలి ఒడ్డున ఉన్నవన్నీ అద్దె ఇళ్లేనని చాలాకాలం అనుకున్నాను. రాజనీతి శాస్త్రంలో ఎంఏ చేసి, పదేళ్లకు పైగా రాజకీయ వార్తలు రాస్తున్నవాడికి ఉండకూడని అజ్ఞానం అది.

దాన్ని వదిలించింది మా తొమ్మిదేళ్ల అమ్మాయి. మన పక్కనున్న పట్పర్‌గంజ్‌లో ఒకప్పుడు పెద్ద యుద్ధం జరిగిందని స్కూల్లో ఎవరో చెప్పారట. "నిజమేనా నాన్నా?" అని అడిగింది. నిజమే. 1803 సెప్టెంబర్ 11న, ఈస్టిండియా కంపెనీకి, మరాఠాలకు మధ్య. ఎప్పుడో చదివింది గుర్తు చేసుకుని గొప్పగా చెప్పాను. వెంటనే రెండో ప్రశ్న వచ్చింది: "అందులో మనం ఎటు?"

పరీక్షల్లో సైన్య సహకార పద్ధతి మీద పేజీలకు పేజీలు రాశాను కానీ ఈ ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు. మరాఠాల వైపే అనబోయి ఆగిపోయాను. అప్పటికే మన సర్కారు జిల్లాలు కంపెనీవి. నిజాం కంపెనీకి మిత్రుడు. రాయలసీమను 1800లోనే దత్తం చేసేశాడు. ఢిల్లీ యుద్ధం జరిగిన 12 రోజులకు ఆర్థర్ వెల్లెస్లీ అసాయేలో సింధియాను ఓడించినప్పుడు ఆయన వెంట ఉన్నది మద్రాసు సిపాయిలు. వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. ఈ జవాబు తొమ్మిదేళ్ల పిల్లకు ఎలా చెప్పాలి?

ఆ ఆదివారం ఇద్దరం మెట్రో ఎక్కాం. ఒక్క స్టేషన్ వెళ్లి యమునా బ్యాంక్‌లో రైలు మారితే నోయిడా లైను. గోల్ఫ్ కోర్స్ అనే పేరుతోనే స్టేషన్ ఉంది. యుద్ధ స్మారకం ఉన్నది ఆ గోల్ఫ్ మైదానంలోనే. అనుమతి అడిగి లోపలికి వెళ్లాం. పచ్చిక మధ్యలో 1916లో బ్రిటిష్‌వాళ్లు నిలిపిన రాతి స్తంభం. దాని మీద ఇద్దరు సేనాపతుల పేర్లున్నాయి: గెలిచిన జనరల్ జెరార్డ్ లేక్, ఓడిన లూయీ బూర్క్యాఁ. ఒకడు ఇంగ్లీషువాడు, ఇంకొకడు ఫ్రెంచివాడు. "మరి మరాఠాలేరీ?" అంది మా అమ్మాయి.

అడగాల్సిన మాటే. దౌలత్‌రావు సింధియా ఆ రోజు ఢిల్లీలో లేడు, దక్కన్‌లో ఉన్నాడు. ఉత్తరాది సేనను ఫ్రెంచి అధికారుల చేతుల్లో పెట్టాడు. వాళ్లకు పెద్ద అయిన పెరాఁ యుద్ధానికి కొద్ది రోజుల ముందే కొలువు వదిలి కంపెనీ రక్షణలోకి వెళ్లిపోయాడు. తెల్లవారుజాము నుంచి నడిచి అలసిపోయిన లేక్ సేన గుడారాలు వేసుకుంటుండగా మరాఠా ఫిరంగులు పేలాయి. కంపెనీ లెక్కలో తమవాళ్లు 4,500 మంది, ఎదుటివాళ్లు అంతకు నాలుగింతలు. లేక్ గుర్రం తుపాకీ దెబ్బకు కూలింది. అతను తన అశ్వికదళాన్ని పారిపోతున్నట్టు వెనక్కి తిప్పాడు. గెలిచామనుకుని మరాఠా సేన కందకాల మాటు వదిలి ముందుకొచ్చింది. అక్కడే దెబ్బతింది. 68 ఫిరంగులు కంపెనీ చేతికి చిక్కాయి. వెనక ఉన్నది యమున. చాలామంది నదిలోనే పోయారు. కంపెనీ వైపు చచ్చినవాళ్లు, గాయపడినవాళ్లు కలిసి ఐదు వందలకు దగ్గర. మరాఠాల వైపు మూడు వేలని గెలిచినవాళ్లే రాసుకున్నారు. బూర్క్యాఁ కొద్ది రోజుల్లోనే లొంగిపోయాడు.

సెప్టెంబర్ 16న లేక్ ఎర్రకోటకు వెళ్లాడు. 1788లో గులాం ఖాదిర్ కళ్లు పీకించిన ముసలి చక్రవర్తి రెండో షా ఆలం చిరిగిన చాందినీ కింద కూర్చుని అతనికి స్వాగతం పలికాడు. నిన్నటిదాకా కాపలా కాసింది మరాఠాలు, ఇకపై కంపెనీ. మన సర్కారు జిల్లాల మీద కంపెనీకి 1765లో ఫర్మానా ఇచ్చింది కూడా ఈ షా ఆలమే. అప్పుడు ఊళ్లు ఇచ్చినవాడు ఇప్పుడు తనే వాళ్ల భత్యం మీదికి వచ్చాడు. ఆ డిసెంబర్ 30న సుర్జీ అంజన్‌గావ్ సంధితో సింధియా ఢిల్లీని, ఆగ్రాను, గంగాయమునల మధ్య దేశాన్ని వదులుకున్నాడు. అదే నెలలో నాగపూర్ భోంస్లే కటక్‌ను ఇచ్చేయడంతో కలకత్తా నుంచి మన తీరం మీదుగా మద్రాసు దాకా కంపెనీకి దారి కలిసిపోయింది. 1835లో నాణేల మీద మొగల్ పాదుషా పేరు పోయింది. 1858లో చివరి పాదుషా బహదూర్ షా జఫర్‌ను రంగూన్ పంపేశారు.

తిరుగు ప్రయాణంలో అమ్మాయికి ఒక మాట చెప్పాను. తెల్లవాళ్ల పద్ధతిలో కవాతు నేర్చిన సిపాయిని ఆ రోజుల్లో ఉత్తరాదిన 'తిలంగా' అనేవారు. అలాంటి సిపాయిలు మొదట తెలుగు దేశం వైపు నుంచి రావడమే కారణం. తర్వాత అవధ్ కుర్రాడు ఆ కోటు వేసుకున్నా తిలంగాయే. కంపెనీ సిపాయీ తిలంగాయే, సింధియా కవాతు పటాలాల్లో తుపాకీ పట్టినవాడూ తిలంగాయే. పట్పర్‌గంజ్‌లో ఇరువైపులా ఉన్నది చాలావరకు ఉత్తరాది పల్లెల రైతు బిడ్డలే. పేరు మాత్రం మనది. "అంటే మనం రెండు వైపులా ఉన్నామా?" అంది. అవునన్నాను. ఆ జవాబు దానికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

మా ఊరు గొల్లప్రోలు దగ్గర. చందుర్తి మీదుగా వెళ్తున్నప్పుడల్లా మా తాతయ్య పొలాల వైపు చెయ్యి చూపించి, "ఇక్కడ తెల్లోళ్లూ తెల్లోళ్లూ కొట్టుకున్నార్రా. ఊళ్లు మాత్రం మనయి పోయాయి" అనేవాడు. 1758 డిసెంబర్‌లో విజయనగరం ఆనంద గజపతిరాజును వెంటేసుకుని ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లను ఓడించిన చోటది. చిన్నప్పుడు అది ముసలాయన చాదస్తం అనుకున్నాను. ఎంఏలో చదువుకున్న దానికంటే ఆయన ఒక్క ముక్కలో చెప్పిందే ఎక్కువని ఆ స్తంభం ముందు నిలబడ్డాక తెలిసింది.

ఇంకో సంగతీ తెలిసింది. ఎన్నికల ఫలితాలు వచ్చిన ప్రతి రాత్రీ నేను 'కంచుకోట బద్దలు', 'కైవసం', 'చావుదెబ్బ' అంటూ రాసినవాణ్నే. ఎవరు గెలిచారో రాశాను, ఎన్ని సీట్లో రాశాను. ఎవరి ఊళ్లు పోయాయో అరుదుగా రాశాను. 'ఏ రాయి అయితేనేం పళ్లూడగొట్టుకోవడానికి' అని జనం అనుకుంటారంటారు. నిజానికి పళ్లు ఊడినవాడికి ఏ రాయో బాగానే గుర్తుంటుంది. మనమే అడగం.

ఆ రాత్రి అమ్మాయి హోంవర్క్ నోట్సులో వెనక పేజీ తీసి రాసుకుంది: పట్పర్‌గంజ్, 1803, సెప్టెంబర్ 11. పక్కన 'మనం' అని రాసి, దాని ఎదుట ఖాళీ వదిలింది. "నువ్వు కనుక్కుని చెప్పు నాన్నా" అంది. కనుక్కుంటానన్నాను.