కవ్వం ఊళ్లో పులుపు వేట

ఢిల్లీలో నా సూట్‌కేసుకు కట్టిన చీటీ మీద ఎఫ్, ఆర్, యూ అని మూడక్షరాలున్నాయి. నేను పోవాల్సింది కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్. సామాను ఇంకే ఊరికో పోతోందని గుండె గుభేలుమంది. కౌంటర్లో అడిగితే ఆ అమ్మాయి తలెత్తకుండానే, "అదే ఊరండీ" అంది. సంగతి తర్వాత తెలిసింది. 1926 నుంచి 1991 దాకా ఆ ఊరి పేరు ఫ్రూంజె. అక్కడే పుట్టి ఎర్రసైన్యంలో పెద్దవాడైన మిఖాయిల్ ఫ్రూంజె పేరు పెట్టారట. సోవియట్ యూనియన్ పోయింది, ఊరి పేరూ పోయింది, సూట్‌కేసు చీటీ మీద మాత్రం అప్పటికింకా ఆయన మిగిలి ఉన్నాడు. ఇప్పటి పేరుకి అర్థం ఏంటని అడిగితే ఆడగుర్రం పాలు చిలికే కవ్వం అని చెప్తారు. ఎంబీబీఎస్ చదవడానికి నరసరావుపేట నుంచి కవ్వం అనే ఊరికి వచ్చానన్నమాట.

అది 2018 అక్టోబరు. మొదటి ఆదివారం సీనియర్లు మమ్మల్ని అలా-తూ చౌక్‌కి తీసుకెళ్లారు. కిర్గిజ్ రిపబ్లిక్‌కి అరవై ఏళ్లు నిండాయని 1984లో కట్టిన చౌక్ అది. గుర్రం మీద కిర్గిజ్ వీరగాథ నాయకుడు మనాస్ విగ్రహం, వెనకాల మ్యూజియం, జెండా కింద కదలకుండా నిలబడ్డ ఇద్దరు సైనికులు. గంటగంటకీ కాపలా మారుతుంది, దాన్ని చూడ్డానికి జనం మూగుతారు. మనాస్ నిలబడ్డ చోట 2003 దాకా లెనిన్ ఉండేవాడు. ఆయన్ని మ్యూజియం వెనక్కి జరిపి, ఎర్కిందిక్ అని స్వేచ్ఛ విగ్రహం పెట్టారు. 2011లో దాన్నీ తీసేసి మనాస్‌ని ఎక్కించారు. లెనిన్ ఇప్పటికీ ఆ వెనకాలే, షేర్ ఆటో ఆపుతున్న మనిషిలా చెయ్యి చాచి ఉన్నాడు. మేం అందరి దగ్గరా ఫొటోలు దిగాం. జెండాలో సూర్యుడి నలభై కిరణాలు అప్పుడు వంకీలు తిరిగి ఉండేవి, 2023 చివర్లో వాటినీ తిన్నగా చేశారు. మా ఇంట్లో గోడకున్న ఫొటోలో మాత్రం వంకీలే.

నిజం చెప్పాలంటే విగ్రహాలతో నాకు ఊరు అందలేదు. ఊరు నాకు నాలుక మీదుగా వచ్చింది.

హాస్టల్ మెస్‌లో పప్పు, అన్నం, బంగాళాదుంప కూర పెట్టేవాళ్లు. కారం మా సూట్‌కేసుల్లోంచి వచ్చేది. లేనిదల్లా పులుపు. అమ్మ కట్టిచ్చిన కిలో చింతపండు నలుగురైదుగురు పంచుకోగా సంక్రాంతికల్లా అయిపోయింది. ఇండియా సరుకులు అమ్మే కొట్టులో అడిగితే వచ్చే నెల అన్నారు. మా రూమ్‌మేట్ కరీంనగర్ పిల్ల. బయట మైనస్ పదిహేను, గదిలో దుప్పటి కప్పుకుని తను పచ్చిపులుసు గురించి బెంగపెట్టుకుంది. టమాటాతో చేసుకుందాం అన్నాను. "చింతపండు లేకుండ పచ్చిపులుసు ఎట్లయితదే? నీళ్లల్ల ఉల్లిగడ్డలేసుకొని తాగుదమా?" అని నా మీద లేచింది.

అందుకని ఓష్ బజారుకి బయల్దేరాం. ఓష్ అనేది దక్షిణాన దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేరే ఊరు. ఈ బజారు బిష్కెక్‌లోనే పడమటి వైపు ఉంది, పేరే ఆ ఊరిది. పోవడానికి మార్ష్రుత్కా ఎక్కాల్సి వచ్చేది. పదిహేను మంది పట్టే వ్యానులో ముప్ఫై మంది ఉండేవాళ్లు. వెనకాల ఉన్నవాళ్లు డబ్బులు ముందువాళ్ల చేతికిస్తే, చేతులు మారి డ్రైవర్‌కి చేరేవి, చిల్లర అదే దారిన వెనక్కి వచ్చేది. నేనక్కడున్నన్నాళ్లూ ఒక్క సోము తగ్గి రాలేదు. అప్పట్లో సోము, మన రూపాయి ఇంచుమించు ఒకటే, లెక్కలేసుకునే బాధ కూడా లేదు.

బజారు గేటు దాటగానే రొట్టెల వాసన. గుండ్రటి రొట్టె, మధ్యలో పువ్వులా పొడిచిన ముద్ర, అంచులు ఉబ్బి ఉంటాయి. వాటిని పాత చంటిపిల్లల బళ్లలో దొంతరలు పెట్టి, పైన దుప్పటి కప్పి తోసుకుంటూ అమ్ముతారు. మొదటిసారి చూసి లోపల పిల్లాడున్నాడేమో అని తొంగిచూశాను. ఒకటి కొని సంచిలో పడేశాను. అమ్మినామె ఏమీ అనకుండా నా సంచిలో చెయ్యిపెట్టి, బోర్లా పడిన రొట్టెని తిప్పి వెల్లకిలా పెట్టి పోయింది. రొట్టెని బోర్లించకూడదు అక్కడ. అన్నం మెతుకు తొక్కితే మా నాయనమ్మ చూసే చూపు గుర్తొచ్చింది.

మసాలాల వరసలో జీలకర్రని జీరా అనే అన్నారు. ప్రాణం లేచొచ్చింది. పలావులో వేసే బార్బరిస్ అని చిన్న ఎర్రటి పుల్లటి పళ్లు, ఎండబెట్టినవి, చూపించారు. కొని ఆ రాత్రే చారు కాశాం. రంగొచ్చింది కానీ పులుపు రాలేదు.

మళ్లీ వెళ్లిన రోజున కొరియన్ల వరసలో చాలాసేపు నిలబడ్డాం. సన్నగా పోగుల్లా తరిగిన క్యారెట్, వెల్లుల్లి, వెనిగర్, ధనియాల పొడి, కారం. పళ్లెంలో ఎర్రటి కొండలా పోసి అమ్ముతారు. 1937లో స్టాలిన్ కొరియన్లని తూర్పు తీరం నుంచి రైళ్లలో ఎక్కించి మధ్య ఆసియాలో దింపేశాడు. కిమ్చీకి కావాల్సిన క్యాబేజీ ఇక్కడ దొరక్క క్యారెట్‌తో కానిచ్చారట. ఆ కూరని కొరియాలో ఎరగరు, ఇక్కడ మాత్రం పెళ్లిళ్లలో కూడా పెడతారు. కిలో చింతపండు అయిపోయిందని మేం పడ్డ గోల తల్చుకుని కాస్త సిగ్గేసింది. అలాగని పులుపు మీద మనసు మాత్రం పోలేదు.

ఆ వరస చివర, గోళీల నుంచి నిమ్మకాయంత దాకా తెల్లటి ఉండలు గోనె సంచుల్లో పోసుకుని ఒకావిడ కూర్చుంది. యాభై ఏళ్లుంటాయి, తలకి రుమాలు, ముందు పళ్లు రెండు బంగారువి. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్లని ఎజె అని పిలుస్తారు, అంటే అక్కయ్య. మగవాళ్లయితే బైకె. ఆ రెండు మాటలు వస్తే బజారులో సగం పని అయిపోతుంది. "ఎజె, ఇదేంటి?" అన్నట్టు వేలు చూపించాను. "కురుత్" అని ఒక ఉండ నా చేతిలో పెట్టింది. రాయిలా ఉంది. పంటికి లొంగక చప్పరించాను. ముందు ఉప్పు, తర్వాత దవడలు లాగేసేంత పులుపు. ఎక్కడో తిన్న రుచే, ఎంత ఆలోచించినా అందలేదు. రూమ్‌మేట్ మొహం చూసి ఆవిడ పగలబడి నవ్వింది. పెరుగుని గుడ్డలో వడగట్టి, ఉప్పు కలిపి, ఉండలు చుట్టి ఎండబెడతారని చేతులతోనే చేసి చూపించింది. నెలలతరబడి పాడవదు. గొర్రెల వెంట కొండల్లో తిరిగేవాళ్లు జేబులో వేసుకుపోయేది ఇదే. నీళ్లలో వేసి కరిగించి తాగుతారని గ్లాసు ఎత్తినట్టు అభినయించేసరికి నా బుర్రలో దీపం వెలిగింది.

రాత్రి వేణ్ణీళ్లలో పది ఉండలు నానేశాం. పొద్దున్నకి మెత్తబడ్డాయి, గరిటెతో మెదిపితే చిక్కటి చల్ల. గుమ్మడికాయ ముక్కలు, నానేసి రుబ్బిన శనగలు, జీలకర్ర, పసుపు, గుంటూరు ఎండుమిరపకాయల తాలింపు. మజ్జిగ పులుసు! కరివేపాకు లేదు, పోనీ. చెయ్యి అలవాటుగా ఉప్పు డబ్బా మీదకి పోయింది. ఒక చెంచా వేశాను. అంతే, గిన్నెడూ నోట పెట్టలేకపోయాం. ఉప్పులో ఊరిన ఉండలకి మళ్లీ ఉప్పేంటని రూమ్‌మేట్ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. రెండోసారి నానేసిన పైనీళ్లు వంచేసి, ఉప్పు ఊసెత్తకుండా చేశాం. కారిడార్‌లో వాసనకి మూడు గదులవాళ్లొచ్చారు.

ఆ తర్వాత దొర్దోయ్ కూడా చూశాను. 1992లో మొదలైన బజారు, ఓడల కంటైనర్లు ఒకదానిమీద ఒకటి, కిందది కొట్టు, పైది గోడౌను. కోటు కొనుక్కున్నాను, దారి తప్పాను, కాళ్లు నొప్పెట్టాయి. అంతకుమించి చెప్పడానికేం లేదు. ఓష్ బజారుకి మాత్రం ఆదివారం వస్తే పోవాల్సిందే. ఎజె దూరం నుంచే చూసి "ఇందియా!" అని కేకేసేది. మిథున్ చక్రవర్తి బాగున్నాడా అని అడిగేది. బాగున్నాడనే చెప్పేదాన్ని.

2019 జూలైలో సెలవులకి ఇంటికొచ్చేటప్పుడు అరకిలో కురుత్ కొన్నాను. ఎజె తూకం అయ్యాక ఇంకో గుప్పెడు వేసి, అమ్మకి అని సైగ చేసింది. పేటలో సూట్‌కేసు విప్పగానే అమ్మ ఒక ఉండ నోట్లో వేసుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి, కళ్లు సగం మూసుకుని చప్పరించింది.

"ఇదేంటే," అంది, "చల్లమిరపకాయల్లో మిరపకాయలు తీసేసి అమ్ముతారా వాళ్లు?"